నోట్లో పట్టనివాడే చుట్టం

మా ముందు గదిలో సరిగ్గా ఒక మంచం పడుతుంది. ఆ మంచం పడినంతకాలం మా బావమరిదికి రాజమండ్రిలో ఇల్లు దొరకదు. ఈ సత్యం నాకు అనుభవం మీద తెలిసింది కాబట్టే ఇంత గొడవ జరిగింది. మీరు అడిగారు కాబట్టి చెప్తున్నాను, లేకపోతే చెప్పుకునే సంగతి కాదు.

బావమరిదంటే మా శ్రీదుర్గ తమ్ముడు ఉదయ్‌భాస్కర్. మనిషి బంగారం. సిగరెట్టు లేదు, పేకాట లేదు. మృదంగం ఉంది. పొద్దున్నే అయిదింటికి మొదలెడతాడు. మృదంగం అందుబాటులో లేకపోతే గ్యాస్ బండ, డైనింగ్ టేబులు, నా వీపు, ఏది దొరికితే దాని మీద వాయిస్తాడు. నాలుగేళ్ళ కిందట "ఇల్లు దొరికేదాకా రెండ్రోజులు" అని వచ్చి ఏడు నెలలున్నాడు. వెళ్ళిపోయాక కూడా నెల్రోజులపాటు నేను అయిదింటికి లేచి కూచుని, చప్పుడు లేదేంటా అని కంగారుపడేవాణ్ణి.

మార్చిలో ఓ ఆదివారం శ్రీదుర్గ వంకాయలు తరుగుతూ, వంకాయల గురించే చెప్తున్నంత మామూలుగా అంది.

"తమ్ముడికి మళ్ళీ రాజమండ్రి ట్రాన్స్‌ఫరైందిటండి. జూన్‌లో చేరాలిట."

"సంతోషం. ఇల్లు చూసుకున్నాడా?"

"మనిల్లుండగా వేరే ఇల్లేంటండీ, వింటే నలుగురూ నవ్విపోతారు. ముందు గదిలో మంచం వేస్తే సరి."

"సరి" అన్నాను. పాతికేళ్ళ కాపురంలో నేను నేర్చుకున్న విద్య అదొక్కటే. ముందు సరి అనాలి, ఆలోచన తర్వాత.

ఆలోచించాను. ఆ గదిలో మంచం పడకుండా చెయ్యాలి. బీరువా పెడితే జరిపేస్తుంది. పుస్తకాలు పెడితే పాతపేపర్లవాడికి వేసేస్తుంది. కదపడానికి వీల్లేనిది, తీసెయ్యమంటే పాపం తగిలేది ఏదైనా కావాలి. ప్రాణమున్నదైతే మరీ మంచిది. ఆవు పట్టదు.

అలా నేను రాజరత్నం కొట్టుకి వెళ్ళాను.

రాజరత్నం అక్వేరియంల కొట్టు దేవీచౌక్ దాటాక ఓ సందులో ఉంది. ఆదివారాలు చర్చి అయ్యాక కానీ తలుపు తియ్యడు. ఇస్త్రీ చొక్కా, నెమ్మదైన గొంతు. చేపల గురించి ఆయన మాట్లాడుతుంటే పాస్టరుగారు ఆత్మల గురించి చెప్తున్నట్టుంటుంది.

"ఎంత తొట్టి కావాలండి?"

"నవారు మంచమంత."

ఆయనేం ఆశ్చర్యపోలేదు. "సింగిలాండి, డబులాండి?" అన్నాడు.

ఆరడుగుల తొట్టి ఒకటి ఉందిట. ఎవరో హోటల్ వాళ్ళు ఆర్డరిచ్చి, హోటల్ తెరవకుండానే మానుకున్నారుట. "కానీ మణిశంకర్‌గారూ, ఇది మామూలు తొట్టి కాదండి. సముద్రం తొట్టి. పగడాలు పెంచేది. గోదావరి నీళ్ళు పనికిరావు, ఉప్పు నీళ్ళుండాలి. ఒకసారి నింపితే ఇక కదపకూడదండి."

కదపకూడదు. ఆ మాట నా చెవికి వేదమంత్రంలా వినిపించింది.

ఇంటికొచ్చి శ్రీదుర్గతో చెప్పాను. "డాక్టరుగారు చేపల్ని చూస్తూ కూచోమన్నారు. బీపీ తగ్గుతుందిట."

"మీకు బీపీ ఎప్పట్నుంచి?"

"మొన్నట్నుంచి."

"మొన్నంటే, నేను తమ్ముడి సంగతి చెప్పినప్పట్నుంచా?"

"ఇంచుమించు."

నావంక ఓ క్షణం చూసి "సరి" అంది. మా ఇంట్లో ముందు సరి అని తర్వాత ఆలోచించే మనిషి నేనొక్కణ్ణే అనుకున్నాను చూడండి, అక్కడ దెబ్బతిన్నాను. ఆ పూట నుంచే నా కంచంలో ఉప్పు మాయమైంది. చప్పిడి పప్పు, చప్పిడి చారు. ముందు గదిలో బస్తాలకొద్దీ ఉప్పుండాల్సిన తొట్టి, నా చారులో చిటికెడు లేదు.

ఉప్పు కలిపిన నీళ్ళు చాలని రాజరత్నం అన్నాడు కానీ నేను ఒప్పుకోలేదు. నేను పనిచేసేది నీటిపారుదల ఆఫీసులో. సగం డెల్టాకి నీళ్ళెప్పుడు వదలాలో మా ఫైళ్ళే చెప్తాయి. నకిలీ నీళ్ళు పొయ్యడానికి మనసొప్పలేదు. వ్యాను మాట్లాడుకుని, డబ్బాలేసుకుని ఉప్పాడ వెళ్ళాను. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఓ పెద్దాయన నన్నూ నా డబ్బాల్నీ కాసేపు చూశాడు.

"ఏం పట్టుకెళ్తున్నారు బాబూ?"

"సముద్రమండి."

"పట్టుకెళ్ళండి, పట్టుకెళ్ళండి. అది మా ఇళ్ళు పట్టుకుపోతా ఉంది. దాన్ని పట్టుకుపోయేవోణ్ణి ఇన్నాళ్ళకి చూశాను."

నీళ్ళు వడకట్టి నింపి, రాళ్ళూ పగడాలూ సర్ది, రాజరత్నం ఇంకో మాటన్నాడు. నెలన్నరపాటు చేపలు వెయ్యకూడదు, నీళ్ళు కుదురుకోవాలి అని. ఆ నెలన్నరలోనే మా అత్తగారు సీతారామలక్ష్మిగారు అంబాజీపేట నుంచి దిగారు, కొడుకొచ్చే లోపల కొడుకు గది సర్దడానికి. ఆవిడ గదంతా నిండిన తొట్టి చూశారు. అందులో ఒక్క చేపా లేకపోవడం చూశారు.

"ఏంటి అల్లుడుగారూ ఇది?"

"నీళ్ళు ఊరుతున్నాయండి."

"మా ఆవకాయ మూడోరోజుకే ఊరుతుంది" అని లోపలికెళ్ళిపోయారు.

మే నెలలో చేపలు కొనే రోజొచ్చింది. ముందు నేనొక్కణ్ణీ వెళ్ళాను. రాజరత్నం నన్ను స్టూలు మీద కూచోబెట్టి బోధ చేశాడు. "ముందు పెద్ద చేప ఏదో తేల్చుకోండి. దాన్నిబట్టి తోడు చూడాలండి. సంబంధం కుదిర్చినట్టే."

అప్పుడు చూశాను దాన్ని. ఒంటినిండా ఎర్రచారలు, రెండు పక్కలా విసనకర్రల్లాంటి రెక్కలు. పెళ్ళిలో మగపెళ్ళివారి పెద్దావిడలా నీళ్ళలో అటూ ఇటూ తిరుగుతోంది. లయన్ ఫిష్ అన్నాడు.

"వీపు మీద ముళ్ళలో విషముందండి. చెయ్యి పెడితే వాచిపోద్ది. రోజంతా కేకలే."

చెయ్యి అనగానే నాకు మృదంగం గుర్తొచ్చింది. మంచం పట్టకపోతే చాప వేసుకుంటానంటాడేమో, ఆ భయం కూడా తీరింది. చేతులతో బతికేవాడు ఈ చేప ఉన్న గదిలో పడుకోడు.

"ఇదే ఖాయం" అన్నాను.

"ఆయ్, మంచిదేనండి. కానీ దీనికి తోడు జాగ్రత్తగా చూడాలి. దీని నోట్లో పట్టే చేప దీనికి తోడు కాదండి, టిఫినండి."

"నోరెంతుంటుంది?"

"మూసినప్పుడు ఎంతో లేదండి. తెరిచినప్పుడు చూడాలి."

చూడలేదు. అదే నేను చేసిన పొరపాటు. సాయంత్రం శ్రీదుర్గ కూడా కొట్టుకొచ్చి, వేలెడేసి చేపలు ఆరు ఏరింది. నారింజరంగు జంట ఒకటి, నీలంవి మూడు, ఇసక తవ్వుకునేది ఒకటి. రాజరత్నం నోరు తెరవబోతే నేను కాలు తొక్కాను.

"అన్నీ కలిసిపోతాయా?" అని అడిగింది శ్రీదుర్గ.

"ఇట్టే కలిసిపోతాయి" అన్నాను నేను.

ఆవిడ ఆటో ఎక్కాక రాజరత్నం నెమ్మదిగా అన్నాడు. "కలిసిపోవడమంటే కడుపులో కలిసిపోతాయండి."

మా ఇంట్లో కోడిగుడ్డు కూడా గడప దాటి లోపలికి రాలేదు. అంచేత పెద్ద చేప ఏం తింటుందని అత్తగారు అడిగినప్పుడు "శాకాహారి" అనేశాను. అది నోట్లోంచి వచ్చేసింది, నేనేం చెయ్యను. ఆవిడ ఆ పూటే నానబెట్టిన పెసరపప్పు తెచ్చి తొట్టిలో వేశారు. అది పప్పుని చూసింది, ఆవిణ్ణి చూసింది, తిరిగెళ్ళిపోయింది.

"ఇవాళ ఏకాదశి కదండీ" అన్నాను.

శ్రీదుర్గ చేపలకి పేర్లు పెట్టింది. అన్నీ వాళ్ళ వాళ్ళ పేర్లే. ఎప్పుడూ పోట్లాడుకునే నారింజ జంట పెద్ద మావయ్య, అత్తయ్య. నీలంవి ముగ్గురు పిన్నులు. ఎప్పుడూ ఇసక తవ్వేది, గట్టు తగాదాల్లో ఆరితేరిన వాళ్ళ బాబాయి. మరి నా చేపకో?

"దానికి మీ పెద్దక్కయ్య పేరండి. చూడ్డానికి పట్టుచీర, దగ్గరికెళ్తే ముళ్ళు."

మూడోనాడు పొద్దున్న కాఫీ ఇస్తూ అడిగింది. "పెద్ద మావయ్య కనపడ్డం లేదేంటండీ?"

"రాయి వెనకాల పడుకున్నాడు."

"అత్తయ్యో?"

"ఆవిడా అక్కడే."

"ఆవిడున్న చోట ఆయన క్షణం నిలవడు. ఇద్దరూ ఒకే రాయి వెనకంటే నేను నమ్మను."

వారానికి ఇద్దరు పిన్నులు పోయారు. ఒకరికి ఒంట్లో బాగోలేదనీ, రాజరత్నం చూస్తానన్నాడనీ చెప్పాను. రెండో ఆవిడ సాయం వెళ్ళిందన్నాను. మిగిలిన పిన్నీ బాబాయీ కూడా పోయాక, బాబాయి ఇసకలో లోతుగా తవ్వుకుంటున్నాడన్నాను, పిన్ని చూస్తోందన్నాను.

శ్రీదుర్గ తొట్టి ముందు నిలబడి చాలాసేపు చూసింది. "మీ పెద్దక్కయ్య పదిరోజులుగా పెసరబద్ద ముట్టలేదండి" అంది. "కానీ ఒళ్ళు చేసింది."

అక్కడితో ఆగేదే. కానీ మా అత్తగారు ఫోన్లో అంబాజీపేటంతా చెప్పేశారు, మీ అందరి పేర్లతో మా అల్లుడుగారు చేపల్ని పెంచుతున్నారు అని. పెద్ద మావయ్య కరిగిపోయారుట. జన్మలో తన పేరు ఎవరూ దేనికీ పెట్టలేదట. ఉదయ్‌భాస్కర్‌ని దింపే వంకతో ఆయనా అత్తయ్యా కార్లో వస్తున్నారు, జూన్ మొదటి ఆదివారం, తమ చేపల్ని చూసుకోవడానికి.

నేను ఆఫీసు నుంచి తిన్నగా రాజరత్నం దగ్గరికి పరిగెత్తాను. ఇంకో పెద్ద మావయ్యని తెచ్చాను. సాయంత్రానికి పోయాడు. ఇంకోణ్ణి తెచ్చాను. వాడు నేను చూస్తుండగానే పోయాడు. నోరు తెరవడం కూడా కనపడలేదండి, ఉన్నవాడు లేడు, అంతే.

"నోట్లో పట్టనిది ఇవ్వు, దాన్నే పెద్ద మావయ్య అంటాను" అన్నాను రాజరత్నంతో.

"పట్టనిది అంటే సైజొక్కటే కాదండి, గుణం కూడా..."

నేను వినలేదు. భయపడితే బంతిలా ఉబ్బే చేప ఒకటి కనిపించింది. ఉబ్బినదాన్ని ఎవరు మింగగలరు? తెచ్చి వేశాను. పెద్దక్కయ్య దాన్ని మింగలేదు, నిజమే. అదే పెద్దక్కయ్యని కొరకడం మొదలెట్టింది. రెండ్రోజుల్లో ఆ రెక్కలు పాత విసనకర్రలయ్యాయి.

"ఏవండీ, మీ పెద్దక్కయ్య పట్టుచీర అంచు ఎవరో కొరికేస్తున్నారు" అంది శ్రీదుర్గ. గొంతులో బాధ మాత్రం లేదు.

బంతి చేపని తిరిగిచ్చేసి, ఈసారి అచ్చం పాములా ఉండే సముద్రపు మలుగు చేపని తెచ్చాను. మూరెడు పొడుగు, తెల్లటి ఒంటి మీద నల్లమచ్చలు. రాళ్ళ సందున దూరి తల మాత్రం బయటపెడుతుంది, ఎవరి జోలికీ పోదు. రాజరత్నం ఒక్కటే చెప్పాడు. "తొట్టికి మూత గట్టిగా ఉండాలండి. సందు దొరికితే బయటికొచ్చేస్తది." మూత పెట్టాను. పెట్టాననే అనుకున్నాను.

ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికి కారొచ్చి ఆగింది. పెద్ద మావయ్య కొత్త పంచె కట్టుకుని దిగారు, ఫొటో తీయించుకోవాలని. వెనక అత్తయ్య. వెనక ఉదయ్‌భాస్కర్, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు మృదంగాన్ని ఎత్తుకుని. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడి, ముందు కాఫీ తాగండి, ముందు కాళ్ళు కడుక్కోండి, ముందు టిఫిను చెయ్యండి అని ఒక్కో నిమిషం లాక్కొస్తున్నాను.

అప్పుడు లోపల్నుంచి మా అత్తగారి గొంతు వినిపించింది. కేక కాదు. భక్తితో వణికిపోతున్న గొంతు.

"అందరూ ఇలా రండమ్మా. సుబ్రహ్మణ్యేశ్వరుడు వచ్చాడు."

వెళ్ళి చూద్దును కదా, దేవుడి గది గుమ్మం ముందు, తడి గచ్చు మీద నా చేప. తలెత్తి నోరు మూస్తూ తెరుస్తోంది. అత్తగారు అప్పటికే దాని ముందు పసుపు కుంకుమ చల్లి, గ్లాసుడు పాలు పోసి, సాష్టాంగపడి ఉన్నారు.

"తెల్లటి ఒళ్ళు, నల్ల మచ్చలు. ఇలాంటి స్వామిని మా పుట్టింట్లో కూడా చూళ్ళేదు" అన్నారు. పెద్ద మావయ్య కండువా నడుముకి చుట్టి దణ్ణం పెట్టారు. అత్తయ్య కొబ్బరికాయ ఎక్కడుందని అడిగింది.

"నాగస్వరం ఉంటే బావుణ్ణు" అన్నారు మావయ్య.

"మృదంగం ఉంది కదండీ" అన్నాడు ఉదయ్‌భాస్కర్. అక్కడే కూచుని మొదలెట్టాడు.

నా అవస్థ చూడండి. అది నోరు తెరుస్తోంది గాలి కోసమని నాకు తెలుసు. ఇంకాసేపుంటే చచ్చిపోతుంది. నీళ్ళలో వెయ్యాలంటే అది చేపని చెప్పాలి. చెప్తే, మడి కట్టుకున్న ఆవిడ దేవుడి గది ముందు చేపకి పాలు పోసిందని తేలుతుంది. ఆ చేప తోడుగా ఎందుకు కావలసివచ్చిందో చెప్పాలి. అందరూ చూడ్డానికొచ్చిన చుట్టాలు ఏమయ్యారో చెప్పాలి. ఒక్క దారం లాగితే చొక్కా అంతా ఊడేలా ఉంది.

అది ఇంకోసారి నోరు తెరిచింది. ఈసారి కొంచెమే తెరవగలిగింది.

పాపం, దానికి మా బావమరిదితో ఏ తగాదా లేదు.

"అది పాము కాదండి" అన్నాను. "చేప. నాదే. నీళ్ళలో వెయ్యకపోతే పోతుంది."

మృదంగం ఆగింది. అత్తగారు గ్లాసు చేత్తో పట్టుకుని మోకాళ్ళ మీద లేచారు. "చేపా" అన్నారు. ఆ ఒక్క మాటలో ఆవిడ ఎన్ని స్నానాలు లెక్కేసుకున్నారో నాకు తెలుసు.

శ్రీదుర్గ నిదానంగా వచ్చింది. చేతిలో తడి తువ్వాలుంది. ఒడుపుగా దాన్ని తువ్వాల్లో చుట్టి, మగ్గుతో పసుపూ పాలూ కడిగి, తొట్టిలో వదిలింది. మూత మీద సన్నికల్లు పొత్రం పెట్టింది. నిమిషం తర్వాత చేప రాళ్ళ సందులో దూరి తల బయటపెట్టింది.

"చేప అయితే ఏంటమ్మా, మత్స్యావతారం లేదూ" అంది వాళ్ళమ్మతో. "పూజ ఎక్కడికీ పోదు. స్నానం చేసిరా."

శ్రీదుర్గకి ఆ తువ్వాలు విద్య ఎవరు నేర్పారని నేను ఆలోచిస్తుండగా పెద్ద మావయ్య తొట్టి దగ్గరికెళ్ళి, ముక్కు అద్దానికి ఆనించి వెతికారు. "ఇంతకీ ఇందులో నేనేదే అమ్మాయీ?"

"మీరు పోయారు మావయ్యా" అంది శ్రీదుర్గ. "మూడుసార్లు."

"మీ అత్తయ్యో?"

"ఒక్కసారే."

"అదృష్టవంతురాలు" అన్నారాయన.

"ఈయన పెద్దక్కయ్య మన వాళ్ళందర్నీ మింగేసింది" అని అందరికీ చారల చేపని చూపించింది. "నాకు మూడోనాడే తెలుసు. రాజరత్నంగారికి ఫోన్ చేసి అడిగాను. ఈయన ఎంతవరకూ అబద్ధం ఆడతారో చూద్దామని ఊరుకున్నాను. పిన్ని సాయం వెళ్ళిందన్నారు చూడండి, అప్పుడు కొంచెం నవ్వొచ్చింది."

చర్చి వదిలాక రాజరత్నం వచ్చాడు. శ్రీదుర్గే రమ్మందిట. సంచిలో పసుపురంగు చేప, అరచెయ్యంత. "అమ్మగారు చెప్పినట్టే తెచ్చానండి" అన్నాడు ఆవిడతో. నేనున్నట్టు కూడా చూళ్ళేదు. మలుగుని పట్టుకెళ్ళిపోయాడు, మూత సంగతి తెలిసిన మనిషికి ఇస్తానని.

"చూడండి" అంది శ్రీదుర్గ నాతో, పిల్లలకి ఎక్కం చెప్పినట్టు. "తోడుండేది నోట్లో పట్టకూడదు. రెక్కలు కొరక్కూడదు. ఒకరి తిండికి ఒకరు ఎగబడకూడదు. ఇది తోటకూర తింటుంది. ఇంతే కదా. ఒక్క ఫోనుతో అయ్యేదానికి ఆరుగుర్ని పొట్టనబెట్టుకున్నారు."

ఉదయ్‌భాస్కర్ ముందు గది గుమ్మంలోంచి ముళ్ళ చేపని చూశాడు, తన చేతులు చూసుకున్నాడు. "అక్కా, ఇందులో మంచం పట్టదు. నేను ఇల్లు చూసుకుంటాలే" అన్నాడు.

నా గుండె ఒక్కసారి తేలికైంది. ఓడిపోయినా గెలిచాననుకున్నాను. ఆ ఆనందం ఎంతసేపుందంటే, శ్రీదుర్గ కొంగుకి చేతులు తుడుచుకున్నంతసేపు.

"ఆ గదిలో నువ్వెందుకురా పడుకోడం. నువ్వు మా గదిలో పడుకో. నేనూ అమ్మా హాల్లో పడుకుంటాం. తొట్టి పక్కన రెండడుగుల చోటుంది, మడత మంచం పడుతుంది. కొలిచాను. ఆ చేపల్ని కనిపెట్టి ఉండే మనిషి ఒకరు అక్కడ కావాలిగా."

నేను మడత మంచం దించడానికి అటక ఎక్కాను.

ఇప్పుడు జులై. బావమరిదికి మా మంచం బాగా అలవాటైంది, నడుంనొప్పి తగ్గిందిట. ఇల్లు చూడ్డం మానేశాడు. పెద్దక్కయ్య తిండి రాజరత్నం కొట్లోనే ఉంటుంది. రెండ్రోజులకోసారి నేను తెచ్చి, పట్టకారుతో అందించి, తలస్నానం చేస్తే కానీ వంటింటి వైపు రానివ్వరు. జలుబు తగ్గడం లేదు.

పసుపు చేప మాత్రం హాయిగా ఉంది. సాధువు. ఆకు తింటుంది, ఒకరి జోలికి పోదు. దాని వీపు మీద కూడా విషపు ముళ్ళున్నాయిట, పైకి కనపడవు. పెద్దక్కయ్యకి ఆ సంగతి మొదటి రోజే అర్థమైంది, దూరంగా తిరుగుతోంది. ఇలాంటివాళ్ళ సంగతి అర్థం కావడానికి నాకు పాతికేళ్ళు పట్టింది.

మొన్న పొద్దున్న అయిదున్నరకి లోపల మృదంగం జోరుగా సాగుతుంటే, నేను మడత మంచం మీద ముసుగులో ఉన్నాను. తలుపు తీసిన చప్పుడైంది. శ్రీదుర్గ అడుగులే. కాఫీ అనుకుని లేచి కూచుని చెయ్యి చాపాను.

చేతిలో తోటకూర కట్ట పెట్టింది.

"ముందు దానికి పెట్టండి" అంది. "మీ కాఫీ చల్లారిపోతుందని కంగారుపడకండి. ఇంకా కలపలేదు."